కారు ముందు నుంచి చప్పుడొస్తుంటే ఎక్కడిదో పట్టుకోవడం ఎలా

"ముందు చక్రాల దగ్గర టకటకమంటున్నది" అని చెప్పి బండి అప్పగిస్తే చాలా షెడ్లలో మొదట మారేవి షాకప్సర్లే. వేలల్లో బిల్లవుతుంది. తెల్లారి అదే స్పీడ్ బ్రేకర్ మీద అదే చప్పుడు మళ్లీ వినిపిస్తుంది. అసలు దొంగ చాలాసార్లు లింక్ రాడ్డు. జానెడు పొడవు కడ్డీ, రెండు కొసలకూ గోలీకాయంత బాల్ జాయింట్లు. షాకప్సర్ ధరలో దాని ధర చిన్న వంతు. ఏది పోయిందో తేల్చుకోవడానికి పెద్ద మెషీన్లేమీ అక్కర్లేదు. జాకీ, వీల్ పానా, టార్చిలైటు, మూరెడు ఇనుప పట్టీ, తోడుగా ఒక మనిషి, ఒక పూట తీరిక ఉంటే చాలు.

మన వరంగల్ దిక్కు బండ్లకు ముందు భాగం తొందరగా అరగడానికి కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. భూపాలపల్లి బొగ్గు లారీలు, కరీంనగర్ గ్రానైట్ లారీలు తొక్కిన రోడ్లు, ఊరు మొదట్లో ఒకటి చివర్లో ఒకటి స్పీడ్ బ్రేకర్లు, మే నెల ఎండకు గట్టిపడి పగిలే రబ్బరు బుష్షులు (ఇనుప భాగాల కీళ్లలో ఉండే రబ్బరు గొట్టాలు), వానాకాలంలో నీళ్లు నిండి లోతు తెలియని గుంతలు. వరి కోతలప్పుడు ఇంకొకటి తోడవుతుంది. వడ్లు ఆరబోసి చుట్టూ పెట్టిన రాళ్లు, వడ్లు ఎత్తినంక కూడా రోడ్డు మీదనే ఉంటాయి. చీకట్లో ఒక్క రాయి ఎక్కితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది ఇనుప చెయ్యి) బుష్షుకు అదే ఆఖరి దెబ్బ కావచ్చు.

మొదట: ఊడి లొడలొడలాడేవి తీసేయండి

సస్పెన్షన్‌ను, అంటే గతుకుల దెబ్బ మింగే షాకప్సర్, స్ప్రింగు, ఆర్మ్ లాంటివాటిని అనుమానించే ముందు పది నిమిషాలు బానెట్ ఎత్తి చూడండి. బ్యాటరీని చేత్తో ఊపండి. క్లాంపు బిగుతుగా ఉంటే అది కదలదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు, హారన్ బ్రాకెట్టు, వైపర్ నీళ్ల ట్యాంకు, బానెట్‌ను నిలబెట్టే కడ్డీ, ముందు నంబరు ప్లేటు, అన్నిటినీ ఒకసారి తట్టి చూడండి. బానెట్ అంచు కింద రెండు రబ్బరు బొడిపెలు ఉంటాయి. అవి అరిగినా, కిందికి దిగినా గతుకుల మీద బానెట్టే టపటపలాడుతుంది. చాలా బండ్లలో వాటిని చేత్తో తిప్పి కొంచెం పైకి లేపవచ్చు.

తర్వాత కిందికి వంగి చక్రం లోపలి ప్లాస్టిక్ లైనరు, ఇంజన్ కింది కవరు చూడండి. నీళ్లున్న రోడ్డులో వేగంగా పోతే ఆ కవరు క్లిప్పులు తెగి వేలాడతాయి. గాలి వేగానికి టపటప, స్పీడ్ బ్రేకర్ మీద గర్రుమని రాసుకోవడం దీని లక్షణం. కోతల కాలమైతే ఆక్సిల్‌కు గడ్డి చుట్టుకున్నదేమో కూడా చూడండి. ఎండిన గడ్డి గట్టిగా చుట్టుకుంటే చక్రం తిరిగినప్పుడల్లా సరసరమంటుంది, లోపలి సీలును కూడా కోస్తుంది.

కారు లోపల డాష్‌బోర్డు పెట్టె, తలుపు జేబుల్లోని సీసాలు ఖాళీ చేయండి. టైర్లలో గాలి, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకెకు సరిచేయండి. గాలి ఎక్కువైన టైరు ప్రతి చిన్న గతుకునూ దెబ్బలాగా లోపలికి పంపుతుంది. అప్పుడు మంచి పార్టు కూడా చెడిందానిలాగే వినిపిస్తుంది.

వీల్ నట్లు కూడా ఇప్పుడే బిగించండి. ఈమధ్య పంక్చర్ వేయించి ఉంటే మరీ ముఖ్యం. చక్రం తిరిగే వేగానికి తగ్గట్టు "టక్... టక్... టక్" మని వస్తే, బండి అక్కడికక్కడే ఆపి నట్లు చూడాల్సిందే.

రెండోది: ఎప్పుడు వస్తున్నదో కాగితం మీద పెట్టండి

డ్రైవర్ సీట్లో కూర్చుని "కుడివైపు నుంచే" అని ఒట్టేసి చెప్పినా, జాకీ ఎత్తి చూస్తే ఎడమవైపు దొరకడం మామూలు. ముందు రెండు చక్రాలూ ఒకే ఇనుప సబ్‌ఫ్రేముకు (బండి ముందు భాగం కింది చట్రానికి) తగిలి ఉంటాయి. చప్పుడు ఆ ఇనుములోంచి పాకి ఎక్కడో బయటికొస్తుంది. అందుకే చెవి చెప్పిన దిక్కును మొదట్లోనే నమ్మకండి. చప్పుడు ఏ పని చేసినప్పుడు వస్తున్నదో మాత్రం చెవి తప్పు చెప్పదు.

రద్దీ లేని రోడ్డు చూసుకోండి. పొద్దున్నే హంటర్ రోడ్డు దిక్కో, హసన్‌పర్తి దాటినంకనో అయితే బాగుంటుంది. ఏసీ, పాటలు బంద్ చేసి, అద్దాలు దించి, గోడ పక్క నుంచి పోండి. చప్పుడు గోడకు తగిలి చెవికి బాగా చేరుతుంది. తోడొచ్చిన మనిషి రాసుకోవాలి, మీరు ఈ పనులు ఒక్కొక్కటే చేయాలి.

ఒక స్పీడ్ బ్రేకర్‌ను నెమ్మదిగా, నిటారుగా ఎక్కించండి, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కాలి. అదే బ్రేకర్‌ను ఈసారి ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒకటి ఎక్కేలా దాటించండి. ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి, కొంచెం ఎక్సలేటర్ ఇస్తూ గుండ్రంగా తిరగండి, తర్వాత రెండోవైపు తిరగండి. 20 వేగంలో గట్టిగా బ్రేకు వేయండి, రివర్సులో పోతూ కూడా ఒకసారి వేయండి. చివరగా తిన్నని రోడ్డు మీద 60 దాకా పోయి న్యూట్రల్ చేసి బండిని దానంతటదే పోనివ్వండి.

టకటక, లొడలొడ: గతుకుల మీద వచ్చేది

బ్రేకర్‌ను నిటారుగా ఎక్కించినప్పుడు పెద్దగా లేకుండా, ఏటవాలుగా దాటించినప్పుడు టకటకమంటే మొదటి అనుమానం లింక్ రాడ్డు మీదికే పోవాలి. కారణం సులువు. స్టెబిలైజర్ బార్ అనే పొడుగాటి కడ్డీ ఎడమ, కుడి చక్రాలను కలుపుతుంది. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ కడ్డీ మెలిక పడదు, లింకు మీద బరువు రాదు. ఒక్కటే లేస్తే కడ్డీ మెలిపడుతుంది, లింకు కొసల్లోని బాల్ జాయింట్ ఒకసారి నొక్కుకుని ఒకసారి లాగుకుంటుంది. అరిగిన గుంతలో ఆ బంతి అటూ ఇటూ కొట్టుకోవడమే మీరు వినే టకటక. కంకర తేలిన రోడ్డు మీద 15 నుంచి 30 వేగంలో ఇది బాగా బయటపడుతుంది. వేగం పెరిగితే టైర్ల మోతలో మునిగిపోతుంది.

దీన్ని చూసేటప్పుడు చాలామంది చేసే తప్పొకటి ఉంది. ఒక్క చక్రం కింద జాకీ పెట్టి లేపి, లింకును ఊపి, "బిగుతుగానే ఉంది" అని వదిలేస్తారు. ఒకవైపే లేపితే బార్ మెలికపడి లింకును గట్టిగా పట్టి ఉంచుతుంది, అరుగుడు కనపడదు. చక్రాలు రెండూ నేల మీద ఉండగానే చూడండి. స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పితే చక్రం వెనక చెయ్యి పట్టేంత సందు దొరుకుతుంది. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, లింకు నడుమ ఒక చేత్తో పట్టుకోండి, రెండో చేతి బొటనవేలిని జాయింట్ రబ్బరు బూటు (తొడుగు) మీద ఆనించండి. లింకును గబగబా ముందుకూ వెనక్కూ కుదపండి. మంచి జాయింట్ గట్టిగా, నిదానంగా తిరుగుతుంది. పోయినదైతే బొటనవేలి కింద సన్నగా "టిక్" మని తగులుతుంది, కంటికి ఏమీ కనపడదు. ఆ టిక్కు వెంట్రుక మందమే ఉన్నా, రోడ్డు మీద డాష్‌బోర్డు అదిరేంత చప్పుడు చేస్తుంది. బూటు చిరిగి చుట్టూ మట్టితో కలిసిన గ్రీజు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

మార్చేటప్పుడు రెండువైపులా కలిపి మార్చండి. నట్టు విప్పేటప్పుడు నడుమ బోల్టు కూడా తిరుగుతుంది. దాని కొసన ఉన్న గుంతలో అలెన్ కీ పెట్టి ఆపి, పానాతో నట్టు తిప్పాలి. కొత్తది బిగించేటప్పుడు ఆ జాగ్రత్త తీసుకోకపోతే బంతితో పాటు బూటు మెలిపడి చిరుగుతుంది. కొత్త లింకు ఆరు నెలలకే పోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. దీనికి అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) అక్కర్లేదు.

నిటారుగా ఎక్కినా, ఏటవాలుగా ఎక్కినా "ధబ్" మని బరువైన దెబ్బ వస్తే షాకప్సర్ పైన ఉండే మౌంటు, షాకప్సర్, లోయర్ ఆర్మ్ బుష్షుల వంతు. షాకప్సర్ మీద ఆయిల్ కారిన తడి మచ్చ ఉందా చూడండి. పైన దుమ్ము మాత్రమే అంటుకుని ఉంటే భయం లేదు. బండి మూలను రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకోవాలి, ఊగుతూ ఉంటే పోయినట్టే. షాకప్సర్లను జతగానే మార్చాలి, మార్చాక అలైన్‌మెంట్ చేయించాలి.

ఇంకో మాయ చప్పుడు ఉంది. చిన్న గతుకుల మీద టకటకమని, బ్రేకు పెడలును వేలి బరువంత నొక్కగానే ఆగిపోతుంది. అది సస్పెన్షన్‌ది కాదు. కాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే పట్టులో) బ్రేక్ ప్యాడ్లు వదులై కొట్టుకుంటున్నాయి. ప్యాడ్లను బిగుతుగా పట్టే స్టీలు క్లిప్పులు పెట్టకుండా వదిలేసినా, కాలిపర్ పిన్నులు అరిగినా ఇట్లా అవుతుంది.

బ్రేకు వేసినప్పుడు ఒక్క దెబ్బ

ముందుకు పోతూ బ్రేకు వేస్తే ఒక "ధక్", రివర్సులో వేస్తే ఇంకో "ధక్" వస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్షును చూడండి. బ్రేకు పట్టగానే చక్రం వెనక్కి పోవాలని చూస్తుంది, దాన్ని ఆపేది ఆ రబ్బరే. టార్చి వేసి రబ్బరులో చీలికలు వెతకండి. ఇనుప పట్టీని ఆర్మ్‌కూ సబ్‌ఫ్రేముకూ నడుమ పెట్టి మెల్లగా ఎత్తండి. రబ్బరు కొంచెం సాగడం మామూలే. ఇనుముకు ఇనుము తగిలి చప్పుడైతే, రబ్బరు లోపలి గొట్టం నుంచి ఊడి కనిపిస్తే, మార్చాలి.

కొత్త బుష్షు వేయించేవాళ్లు ఈ ఒక్క మాట దగ్గరుండి చూసుకోవాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బుష్షు బోల్టును పూర్తిగా బిగించకూడదు. అట్లా బిగిస్తే బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ మెలిక మీదనే ఉంటుంది. ఏడాదికే చీలుతుంది. బోల్టు వేలితో ఎక్కించి, బండి బరువు చక్రాల మీదికి వచ్చాక ఆఖరి బిగింపు ఇవ్వాలి. తొందరలో ఈ పని దాటేసే షెడ్లు చాలా ఉన్నాయి.

జాకీ ఎత్తి చూసేవి

చదును నేల, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు, హ్యాండ్ బ్రేకు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి ఎన్నడూ పోవద్దు. బండి బరువు మోసే ఇనుప స్టాండు లేకపోతే బండి కింద చూడాల్సిన పని షెడ్డుకే వదలండి. చక్రాన్ని బయట నుంచి ఊపి చూసేటప్పుడు కూడా స్టెప్నీని తలుపు కింది అంచు కిందికి తోసి పెట్టండి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు తగిలితే తోడున్న మనిషిని బ్రేకు గట్టిగా నొక్కమని, మళ్లీ ఊపండి. బ్రేకు నొక్కితే డిస్కు, హబ్బు (చక్రం బిగించే దిమ్మ), నకిలు (బేరింగ్ కూర్చునే ఇనుప భాగం) ఒక్కటిగా బిగిసిపోతాయి. అప్పుడు లూజు పోయిందంటే అది బేరింగ్‌ది. బ్రేకు నొక్కినా లూజు అట్లనే ఉంటే లోయర్ ఆర్మ్ కొసన ఉండే బాల్ జాయింట్‌ది. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే మంచి బేరింగును తీసి పారేసే ఖర్చు తప్పుతుంది.

తర్వాత ఎడమా కుడీ పట్టుకుని ఊపండి. పైనా కిందా లేని లూజు ఇక్కడ ఉంటే అది స్టీరింగ్ టై రాడ్ ఎండ్ (చక్రాన్ని తిప్పే కడ్డీ కొస), లేదా ర్యాక్ (ఆ కడ్డీలను అటూ ఇటూ జరిపే స్టీరింగ్ పెట్టె) లోపలి జాయింట్. తోడున్న మనిషి ఊపుతుంటే మీరు టై రాడ్ ఎండ్ మీద వేళ్లు పెట్టండి. అక్కడ తగలకపోతే ర్యాక్ రబ్బరు బూటును పైనుంచి పట్టి చూడండి, లోపలి దెబ్బ చేతికి తెలుస్తుంది. వీటిలో ఏది మార్చినా అలైన్‌మెంట్ తప్పనిసరి. లేకపోతే వేల కిలోమీటర్లు రావాల్సిన టైరు ఒక అంచున బోసిపోతుంది.

లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్‌లో, టై రాడ్ ఎండ్‌లో లూజు తగిలితే ఆ బండిని ఇక నడపకండి. బాల్ జాయింట్ ఊడితే చక్రం బయటికి ఒరిగిపోతుంది, టై రాడ్ ఊడితే స్టీరింగ్ చేతిలో ఉన్నా ఆ చక్రం మాట వినదు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోండి, లేదా బండిని ఎత్తుకుపోయే వాహనం మాట్లాడుకోండి.

మలుపులో కటకట

స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా తిరిగినప్పుడు "కటకటకట" మని, ఎక్సలేటర్ ఇస్తే పెరిగి, వదిలితే తగ్గితే అది ఆక్సిల్ బయటి సీవీ జాయింట్ (చక్రం పక్కకు తిరిగినా ఇంజన్ బలాన్ని దానికి అందించే కీలు). ఎక్కువసార్లు మలుపుకు బయటివైపు చక్రానిదే అవుతుంది. చక్రం లోపలి వైపు టార్చి వేయండి. బూటు చిరిగితే ఆక్సిల్ తిరిగే వేగానికి గ్రీజు విసిరినట్టు పడి రిమ్ము లోపల, షాకప్సర్ మీద నల్లటి వంపు చారలాగా అంటుకుంటుంది. దాని మీద దుమ్ము చేరి గరుకుగా ఉంటుంది. ఆ చార ఉండి కటకట ఇంకా మొదలు కాలేదంటే మీ అదృష్టం. వెంటనే బూటు, గ్రీజు మారిస్తే జాయింట్ బతుకుతుంది. కటకట మొదలయ్యాక గ్రీజు నింపడం దండగ, గుంతలు పడ్డ ఇనుమును గ్రీజు బాగుచేయదు.

నిలబడి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పినప్పుడు "టంగ్" మని స్ప్రింగు తెగినట్టు మోగితే షాకప్సర్ పై మౌంటు బేరింగ్‌ను చూడాలి. బానెట్ ఎత్తి షాకప్సర్ తల మీద అరచెయ్యి పెట్టి, స్టీరింగ్ తిప్పించండి. మంచిదైతే మెత్తగా తిరుగుతుంది. పట్టుకుపోయినదైతే స్ప్రింగు కొంతసేపు మెలిపడి ఒక్కసారిగా ఎగిరి వదులుతుంది, ఆ ఎగురు అరచేతికి తగులుతుంది. ఇంజన్ నడుస్తుంటే బెల్టుకూ రేడియేటర్ ఫ్యానుకూ చెయ్యి దూరంగా ఉంచండి. ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో చెప్పి రాదు.

గుయ్యిమని మోత

40 దాటినంక మొదలై వేగంతో పాటు పెరిగే మోత బేరింగ్‌దైనా, టైర్‌దైనా కావాలి. న్యూట్రల్ చేసి ఇంజన్ వేగం తగ్గినా మోత తగ్గకపోతే ఇంజన్‌ది కాదని తేలిపోయింది. గరుకు సిమెంటు రోడ్డు నుంచి నున్నటి తారు మీదికి రాగానే మోత మారితే టైరును అనుమానించండి. అరచేతిని టైరు మీద ముందుకూ వెనక్కూ రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపపు పళ్లలాగా తగిలితే టైరే. ముందు టైర్లను వెనక్కి మార్చి చూస్తే మోత కూడా వెనక్కి పోతుంది.

రోడ్డు మారినా మారకుండా, బండిని మెల్లగా ఎడమకు వంచినప్పుడు మోత పెరిగి, కుడికి వంచితే తగ్గితే కుడి బేరింగ్ పోయినట్టు. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రం మీదికి పోతుంది కాబట్టి ఎప్పుడూ తిరిగిన దిక్కుకు ఎదుటివైపు చూడాలి. ఖాయం చేసుకోవాలంటే చక్రం జాకీ మీద ఉండగా, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో అరచెయ్యి స్ప్రింగు మీద బయటి నుంచి ఆనించండి. వేళ్లు చుట్ల సందుల్లోకి పోనివ్వకండి. పోయిన బేరింగ్ అయితే స్ప్రింగులో గరగర వణుకు తెలుస్తుంది. కొత్త బేరింగ్‌ను సుత్తితో కొట్టి ఎక్కిస్తే లోపలి గుండ్ల దారిలో గుంతలు పడి కొద్ది నెలలకే మళ్లీ మోత మొదలవుతుంది. బేరింగ్‌ను నొక్కి ఎక్కించే ప్రెస్ మెషీన్ ఉన్న షెడ్డులోనే వేయించండి.

కీచు, గర్ర్, కిర్రు

పోతుంటే సన్నగా కీచుమని, బ్రేకు నొక్కగానే ఆగిపోతే ప్యాడ్ అరిగిందని చెప్పే చిన్న రేకు డిస్కుకు రాస్తున్నది. వెనక ఇనుప పలక తప్ప మిగిలిన ప్యాడ్ మందం 3 మి.మీ.కు దిగితే మార్చండి. బ్రేకు వేస్తే గర్రుమని ఇనుము రాసుకుంటే ప్యాడ్ పూర్తిగా అయిపోయింది, డిస్కును కొరుకుతున్నది, నడపకండి. ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడేలా గీకుడు మొదలైతే డిస్కుకూ వెనక రేకుకూ నడుమ కంకరరాయి ఇరుక్కుని ఉంటుంది. నాలుగు మీటర్లు రివర్సు పోనిస్తే చాలాసార్లు అదే రాలిపడుతుంది.

పొద్దున స్టార్ట్ చేయగానే, ఏసీ వేయగానే కీచుమంటే అది ఫ్యాన్ బెల్టు. ఇంజన్ నడుస్తుండగా బెల్టు పళ్లవైపు దూరం నుంచి కొన్ని నీళ్లు చిలకరించండి. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు వరుస తప్పాయి, నీళ్లు పడగానే ఇంకా పెరిగితే బెల్టు బిగుతు తగ్గింది.

గతుకుల మీద పాత మంచంలాగా కిర్రుమంటే ఎండిన రబ్బరు బుష్షు. ఒక్కో బుష్షు మీద నీళ్లు పోసి బండిని ఊపండి, ఏది తడిస్తే కిర్రు ఆగుతుందో అదే. సర్వీసింగులో బండి కింద డీజిల్, పాత ఆయిల్ కొట్టించడం మన దిక్కు అలవాటు, అది మానుకోండి. కిర్రు నాలుగు రోజులు ఆగుతుంది నిజమే, ఆ నూనెకు రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చీలిపోతుంది. రాయాలంటే సిలికాన్ స్ప్రే రాయండి.

క్లచ్ వదలగానే, రివర్స్ గేరు పడగానే ధక్కుమంటే ఇంజన్ మౌంటింగ్‌లను (ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మలను) చూపించండి.

షెడ్డుకు పోయినప్పుడు

"ముందు చప్పుడొస్తున్నది, చూడు" అనకుండా, "అన్నా, ఎడమ లింకు కింది జాయింట్‌ల లూజు ఉన్నది, ఏటవాలుగా ఎక్కితేనే టకటకమంటున్నది" అని చెప్పండి. మీరు రాసుకున్న కాగితం ఇవ్వండి, అదే బ్రేకర్ మీద ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పండి. ఒకసారి ఒక్క పార్టే (జతగా మార్చేదైతే ఆ ఒక్క జతే) మార్పించి, మళ్లీ అదే బ్రేకర్‌ను అదే వేగంతో దాటి చూడండి. నాలుగు పార్టులు ఒకేసారి మారిస్తే ఏది పోయిందో ఎన్నటికీ తెలియదు. తీసిన పాత పార్టును అక్కడే చేతిలోకి తీసుకుని జాయింట్‌ను తిప్పి చూడండి. చక్రాలు తీసిన పని ఏదైనా సరే, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగినంక వీల్ నట్లను ఇంకొకసారి పానాతో చూసుకోండి.